నురగ రాని నీళ్ళు

మా బావకూ నాకూ పడదు. అక్క పెళ్ళినాడు ఆయన నుదుటిమీద బాసికం ఒక పక్కకు ఒరిగితే నేను నవ్వాను. ఆయన చూశాడు. అక్కడ మొదలైంది. ఇరవై రెండేళ్ళుగా ఇద్దరం దాన్ని చల్లారనివ్వకుండా కాపాడుకుంటున్నాం. శుభకార్యాలకు కలుస్తాం, పక్కపక్కనే కూర్చుని తింటాం, వడ్డించేవాణ్ణి పిలిచి ఒకరి విస్తరిలో ఒకరం ఇంకాస్త పప్పు వేయిస్తాం కూడా. కానీ ఆయన నవ్వితే నాకు కడుపులో మంట, నేను నోరు తెరిస్తే ఆయన లేచి చెయ్యి కడుక్కోవడానికి పోతాడు.

నేను వనపర్తిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆయన గద్వాలలో నేతవాళ్ళకు పట్టు ఉడకబెట్టి రంగులు వేసి ఇస్తాడు. ఇద్దరి బతుకూ నీళ్ళూ పొడులూ కలపడం మీదే నడుస్తుంది. అయినా నాది పని అని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు. ఆయనది తెలివి అని నేనూ ఒప్పుకోలేదు.

నాకు అబద్ధాలకోరునని పేరుంది. అది అన్యాయం. నేను జరిగినదాన్నే చెబుతాను, కాకపోతే అది జరగాల్సిన పద్ధతిలో చెబుతాను. జూరాల గేట్ల కింద ఒక మొసలి మా ల్యాబులోని బ్యూరెట్టును మింగిందనీ, అప్పటినుంచి అది నోరు తెరిచినప్పుడల్లా సరిగ్గా ఒక్కొక్క చుక్కే కారుతుందనీ ఫస్టియర్ పిల్లలకు చెబుతాను. ఒక్కడూ నమ్మడు. కానీ బ్యూరెట్టు అంటే ఏమిటో ఒక్కడూ మరిచిపోడు.

ప్రేక్షక అయాన్ల పాఠం కూడా అలాగే చెబుతాను. ఒక సీసాలో సిల్వర్ నైట్రేటు నీళ్ళు, ఇంకో సీసాలో ఉప్పునీళ్ళు. రెండూ కలిపామా, వెండి అయానూ క్లోరైడ్ అయానూ జుట్టూ జుట్టూ పట్టుకుని తెల్లటి ముద్దై అడుక్కి పోయి కూర్చుంటాయి. సోడియమూ నైట్రేటూ మాత్రం ఎలా వచ్చాయో అలాగే నీళ్ళలో తిరుగుతుంటాయి. పెబ్బేరు బస్టాండులో ఇద్దరు కొట్టుకుంటే చుట్టూ ముప్పై మంది నిలబడతారు కదరా, పోలీసు వచ్చి రాసుకునే కాగితంలో ఆ ముప్పై మంది ఉంటారా? ఉండరు. సమీకరణంలో రెండు వైపులా ఒకేలా కనబడేవాళ్ళందరినీ గీత పెట్టి కొట్టెయ్యండి. మిగిలిన ఆ కొట్లాటే నికర అయానిక సమీకరణం. ఇరవై ఏళ్ళుగా ఇదే పాఠం, ఇదే బస్టాండు. ఆ గుంపులో నన్ను నేను ఎప్పుడూ ముప్పై మందిలోనే నిలబెట్టుకునేవాణ్ణి.

మా అక్క ఫోన్ చేసే మనిషి కాదు. మనమే చెయ్యాలి, అప్పుడు కూడా "ఆఁ, మంచిగున్న" అని పెట్టేస్తుంది. అలాంటిది ఒక శనివారం మధ్యాహ్నం, నేను ల్యాబులో ఉండగా తనే చేసింది.

"తమ్మీ, శుక్కురారం కర్ర చెల్లెకిస్తరంట."

అంతే అంది. చెల్లె అంటే ఆమె తోడికోడలు.

కర్ర అంటే ఏమిటో చెప్పాలి. ముడి పట్టుకు సహజంగా ఒక జిగురు ఉంటుంది. అది పోతే తప్ప పట్టుకు మెత్తదనమూ మెరుపూ రావు, రంగు ఎక్కదు. పెద్ద గంగాళంలో నీళ్ళు మరిగించి, సబ్బూ కాస్త సోడా కరిగించి, పట్టు పోగుల కట్టలను, అంటే చిలపలను, కర్రకు వేలాడదీసి అందులో ముంచి తిప్పుతూ ఉండాలి. ఎంతసేపు ముంచాలో, ఎప్పుడు తియ్యాలో గడియారం చెప్పదు, చెయ్యి చెబుతుంది. మా బావ వాళ్ళింట్లో ఆ పని ఆడవాళ్ళది, అదీ ఒక్కరిది. ఎవరి చేతివాసి మంచిదైతే వాళ్ళ చేతిలో కర్ర ఉంటుంది. రంగు సరిగ్గా పడడం లేదంటే ఆ చెయ్యి చెడిందని లెక్క. ఒక శుక్రవారం పొద్దున గంగాళానికి పసుపు రాసి, కర్ర తీసి ఇంకొకరి చేతిలో పెడతారు. తిరిగి ఇవ్వడం ఉండదు. వాళ్ళ అత్త చేతినుంచి మా అక్క చేతికి అలాగే వచ్చింది. అత్త ఆ తర్వాత బతికినన్నాళ్ళూ పట్టు ఉడకబెట్టే కొట్టంలో అడుగు పెట్టలేదు.

మా అక్క పెద్దగా చదువుకోలేదు, బంగారం వేసుకుని తిరిగిన మనిషీ కాదు. గద్వాలలో ఆమెను పది మందికి తెలియజేసినది ఆ కర్ర ఒక్కటే. "ఆమె ఉడకబెట్టిన పట్టు అయితేనే ఇయ్యి" అని నేతవాళ్ళు అడిగి తీసుకుపోయేవారు. ఇప్పుడు అదే పట్టు మీద తెల్లటి మచ్చలు వస్తున్నాయట. నూలు చీరకు పట్టు అంచు అతికి నేస్తారు కదా, సరిగ్గా ఆ అంచులోనే, ఎర్రటి రంగు మధ్య బూజు పట్టినట్టు రంగు ఎక్కని చోట్లు. వర్షాకాలం నుంచీ ఇదే వరస. చెయ్యి చెడిందన్నారు.

ఆదివారం పొద్దున మొదటి బస్సు పట్టుకున్నాను. కృష్ణ దాటుతున్నంతసేపూ బావను తిట్టడానికి మాటలు కూర్చుకున్నాను. మంచివే దొరికాయి.

వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు, మడత మంచం మీద.

"ఏంది బామ్మర్ది, గింత పొద్దుగాల. మొసలి తరిమిందా?"

"అక్క చేతిలోంచి కర్ర తీస్తరంట."

"తీస్తరు. గదేమన్న నీ కాలేజీల పిలగాండ్ల హాజరు పట్టీనా, నువ్వొచ్చి అడిగెటందుకు?"

"ఏం తప్పు చేసిందని?"

ఆయన వేళ్ళు ముడుస్తూ చెప్పాడు. ఆయన ఏది చెప్పినా వేళ్ళు ముడుస్తాడు, అదొక్కటే చదువు వచ్చినట్టు. "సబ్బు మార్చిన, కర్నూలు నుంచి వేరే కంపెనీది తెప్పిచ్చిన. పోలే. మెత్త సబ్బు ఏసి చూసిన. పోలే. సోడా దుకాణం మార్చిన. కట్టెల పొయ్యి తీసేసి గ్యాస్ పెట్టిన. గంగాళం పాతదైందని కొత్తది కొన్న. సబ్బు తక్కువైతుందేమోనని రెండింతలు ఏపిచ్చిన. మచ్చలు ఇంక ఎక్కువైనయి. ఇగ నేను మార్చనిది ఏమున్నది ఈ ఇంట్ల? మీ అక్క చెయ్యొక్కటే."

ఆయనతో వాదించకుండా కొట్టంలోకి పోయాను. అక్క పొయ్యి దగ్గర నిలబడి ఉంది, కర్ర చేతిలోనే ఉంది. తలుపు పక్కన ఆమె తోడికోడలు, చిన్నామె, ఉరిశిక్ష పడినట్టు ముఖం పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. ఆ అమ్మాయికి కర్ర కావాలని ఎవరూ అనుకోలేదు, ఆ అమ్మాయి అయితే అసలే అనుకోలేదు.

గంగాళంలోకి తొంగి చూశాను. సబ్బు నీళ్ళ మీద నురగ ఉండాలి. నురగ లేదు. విరిగిన పాల మీద తేలినట్టు బూడిద రంగు తరకలు తేలుతున్నాయి. గంగాళం అంచు చుట్టూ జిడ్డు పేరుకుని ఉంది. గోటితో గీకి వేళ్ళ మధ్య నలిపాను. కరగలేదు. ఇరవై ఏళ్ళుగా నల్లబల్ల మీద నేను గీస్తున్నది నా గోటి కింద ఉంది. అవక్షేపం, నీళ్ళలో కరగని ముద్ద. అది పట్టు పోగులకు అంటుకుంటే, అంటుకున్న చోట రంగు ఎక్కదు.

వాకిట్లోకి వచ్చాను. గెలిచానన్న సంతోషం నా ముఖం మీద కనబడే ఉంటుంది.

"బావా, చెయ్యి కాదు. నీళ్ళు. ఇవి బోరు నీళ్ళు కదా?"

"బోరువే. పోయిన ఎండకాలం ఏయించిన."

"అంతకుముందు?"

"నల్లా నీళ్ళు. మున్సిపాల్టోళ్ళు దినం తప్పి దినం ఇస్తరు, పట్టి పెట్టుకునేటోళ్ళం."

"అయితే ఆ బోరు నీళ్ళే..."

ఆయన నవ్వాడు. మనసారా నవ్వాడు, ఇరవై రెండేళ్ళలో నా ముందు ఆయన అలా నవ్వడం అదే మొదలు.

"నీళ్ళ సంగతి నాకు చెప్తున్నవా? బోరు ఏయించుమని చెప్పిందెవరు? బల్మూర్ల, మీ చిన్నాయన ఇంట్లకు పోయిన దినం, అందరి ముంగట? యాదికి లేదా సారూ?"

యాదికి వచ్చింది. వచ్చినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

బల్మూర్‌లో మా చిన్నాన్న కొత్త ఇంటి గృహప్రవేశం. భోజనాల దగ్గర బావ నా ఉద్యోగాన్ని పదిమందిలో ఏకిపారేశాడు. "ఏం చేస్తడు, రెండు చుక్కలు కలిపి తెల్లగైంది సూడుండ్రి అంటడు. గదే నౌకరి," అన్నాడు. నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నేను తిరిగి తిట్టలేదు. నా పద్ధతి అది కాదు. చాలా గౌరవంగా ఆయన వైపు తిరిగి, అచ్చంపేట దాటాక నల్లమల అంచున ఒక అద్దకం ఆయన ఉన్నాడని మొదలుపెట్టాను. ఆయన నల్లా నీళ్ళు ముట్టడు, బోరు నీళ్ళలోనే పట్టు ఉడకబెడతాడు. భూమి లోపలి ఖనిజాలు పోగులోకి దిగుతాయి. ఆ మెరుపు ఎంతటిదంటే, ఆయన కూతురు పట్టు అంచు చీర కట్టుకుని అడవి దారిన నడుస్తుంటే ఎదురొచ్చిన చిరుతపులి కళ్ళు చికిలించుకుని, ముఖం పక్కకు తిప్పుకుని వెనక్కి పోయింది.

విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. బావ కూడా పెదవి విరిచాడు. ఆ మాటల పందెం నేనే గెలిచానని పాయసం రెండుసార్లు పోయించుకున్నాను.

నాకు తెలియనిదేమిటంటే, ఆయన చిరుతపులిని అక్కడే వదిలేసి ఖనిజాలను ఇంటికి తెచ్చుకున్నాడు. కథలో నమ్మరానిది ఏదో ఆయనకు తెలుసు, కాబట్టి అది పోగా మిగిలింది నిజమే అనుకున్నాడు. ఎంతైనా చెప్పినవాడు కెమిస్ట్రీ సారు. ఎదుట ఒప్పుకోడు, నన్ను మెచ్చుకోడు, కానీ నా మాట మీద భూమికి బెజ్జం పెట్టించాడు. ఆయన నన్ను నమ్మింది ఆ ఒక్కసారే.

నేను వెంటనే ఒప్పుకోలేదు. అదీ చెప్పాలి. పొయ్యి దగ్గర పాత బొగ్గుముక్క ఉంటే తెచ్చి, వాకిలి వైపున్న కొట్టం గోడ మీద రాయడం మొదలుపెట్టాను. లెక్చరరుకు నోరు పెగలకపోతే గోడే దిక్కు.

"చూడు బావా. బోరు నీళ్ళలో కాల్షియం ఉంటది, దాని వెంట క్లోరైడు. నీ సబ్బులో సోడియం ఉంటది, దాని వెంట అసలు సబ్బు. నాలుగూ ఒక గంగాళంలో పడ్డయి. కాల్షియం పోయి సబ్బును పట్టుకున్నది, ముద్దైంది. సోడియం, క్లోరైడు ముందెట్లున్నయో తర్వాత గట్లనే ఉన్నయి. వాటిని కొట్టెయ్." గీతలు పెట్టాను. "ఏం మిగిలింది? ఒక కాల్షియం, రెండు సబ్బులు, ముద్ద. నువ్వు మార్చిందంతా నేను కొట్టేసినవాటిలోనే ఉన్నది. ఆ కంపెనీ సబ్బు తీసి ఈ కంపెనీది వేస్తే సోడియం పోయి మళ్ళీ సోడియమే వచ్చింది, సోడా దుకాణం మార్చినా అంతే. మెత్త సబ్బు వేస్తే పొటాషియం వచ్చింది, అదీ నిలబడి చూసిపోయేదే. రెండింతలు సబ్బు వేస్తే ముద్ద రెండింతలైంది. కాల్షియాన్ని మాత్రం నువ్వు దినాం మోటరేసి తోడుతున్నవు."

ఆయన గోడ దగ్గరికి వచ్చి, నేను గీత పెట్టిన సోడియం మీద వేలు పెట్టాడు.

"సబ్బు కొట్టేసినవ్. సోడా కొట్టేసినవ్. నా గ్యాసు, నా గంగాళం రాయనే లేదు. ఆఖరికి నా బోరు ఒక్కటే దొంగదని తేల్చినవ్. బల్మూర్ల నోటితోని చెప్పినవ్, ఈడ బొగ్గుతోని చెప్తున్నవ్. కథ ఒక్కటే."

"ఇది కథ కాదు."

"మరి గది?"

తలుపు దగ్గర చిన్నామె తలెత్తి చూసింది. లోపల అక్క కర్ర తిప్పడం ఆపింది.

"అది అబద్ధం," అన్నాను.

"చిరుతపులి అబద్ధమని నాకెప్పుడో తెల్సు."

"చిరుత కాదు బావా. నీళ్ళ ముచ్చట. ఖనిజాలు పోగులో దిగడమంటూ లేదు. నువ్వు నన్ను అన్నవని నేను అల్లిన."

  ఆయన ముఖం ఎర్రబడుతుందనుకున్నాను. ఎర్రబడలేదు, ఇంకా ఘోరంగా, ప్రశాంతమైంది.

"అయితే చెప్పు. ఆ దినం అబద్ధం చెప్పినోనివి, ఈ దినం నిజం చెప్తున్నవని నేనెట్ల నమ్మాలె? నీ నోరే కదా, అప్పుడైనా ఇప్పుడైనా. అక్క కర్ర నిలవాలని ఇది అల్లినవేమో. పో బామ్మర్ది, చాయ్ తాగి పో. శుక్కురారం కర్ర మారుతది."

ఆయన పోయి మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు. గోడ మీద సమీకరణం ఉంది, ఒక్క అక్షరం తప్పు లేదు. రాసినవాడే చెల్లని మనిషి.

అప్పుడు అక్క కదిలింది. లోపలికి పోయి రెండు గాజు సీసాలు తెచ్చింది, ఊరగాయ సీసాలు. ఒకదాంట్లో తాగే బిందెలోంచి నల్లా నీళ్ళు ముంచింది. ఇంకోదాంట్లో మోటరు వేసి బోరు నీళ్ళు పట్టింది. ఒకే సబ్బు బిళ్ళ నుంచి రెండు ముక్కలు చాకుతో గీసి వేసింది. మూతలు పెట్టి, ఒకటి చిన్నామె చేతికిచ్చింది.

"ఊపు."

ఇద్దరూ ఊపారు. చిన్నామె చేతిలోని సీసాలో తెల్లటి నురగ మూత దాకా లేచింది. అక్క చేతిలోని సీసాలో గంగాళంలో తేలినవే, ఆ తరకలే తేలాయి. రెండింటినీ తీసుకుపోయి మంచం మీద, బావ పక్కన పెట్టింది.

"నేను ఊపింది బోరుది, చెల్లె ఊపింది నల్లాది," అంది. "నా చెయ్యి చెడ్డదంటవేమో. చెల్లె, నువ్వూ నేనూ మార్చుకుందాం." సీసాలు కడిగి, మళ్ళీ నీళ్ళు నింపి సబ్బు వేసి, చేతులు మార్చుకుని ఊపారు. తరకలు చిన్నామె చేతికి మారాయి, నురగ అక్క చేతికి వచ్చింది. "రేపు నల్లా వచ్చే దినం. గంగాళానికి సరిపోను నింపుత. ఉడకబెట్టేది గవే నీళ్ళు, జాడించేది గవే నీళ్ళు. శుక్కురారం చూసి చెప్పు, చెయ్యా నీళ్ళా."

ఆయన సీసా ఎత్తి వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కింద పెట్టి, చెప్పులు వేసుకుని బజారుకు పోయాడు.

నేను మళ్ళీ గెలిచాననుకున్నాను. అక్క వైపు తిరిగి నవ్వబోయాను. ఆమె సబ్బు ముక్కలున్న చాకు తుడుస్తూ, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"బోరు నీళ్ళు పోసిన మొదటి దినమే చెప్పిన, నురగ వస్తలేదని. మీ బావ ఏమన్నడో తెల్సా? నీ తమ్ముడు చదువుకున్నోడు, అందరి ముంగట చెప్పిండు, నీకేం తెల్సు అన్నడు. రెండోసారి చెప్పిన, గదే మాట. మూడోసారి నేనే అనుకున్న, తమ్ముడు చెప్పిండంటే నాకే తెల్వదేమో, నా చెయ్యే చెడిందేమోనని. ఆర్నెల్లు, తమ్మీ. దినాం ఈ చెయ్యి చూసుకున్న." చాకు పక్కన పెట్టింది. "నీ చిరుతపులి ఎటూ పోలే. వచ్చి నా చేతి మీద పడ్డది."

చాయ్ ఇచ్చింది. తాగాను. ఎలా ఉందో గుర్తు లేదు.

శుక్రవారం నేను వనపర్తిలో క్లాసులో ఉన్నాను. ఫోన్‌లో ఒక ఫొటో వచ్చింది: ఎండలో ఆరేసిన ఎర్రటి పట్టు చిలప, ఒక్క మచ్చ లేదు. కింద ఒక్క మాట లేదు. క్లాసు అయ్యాక ఫోన్ చేశాను.

"కర్ర?"

"నా దగ్గర్నే ఉన్నది. చూసినవ్ గద. పెట్టెయ్."

బావ తన తప్పు ఒప్పుకున్నాడని ఎవరైనా చెబితే వాళ్ళు నాకంటే పెద్ద అబద్ధాలకోరులని అర్థం. నల్లా నీళ్ళు తమ తాతలనాటి పద్ధతి అనీ, బామ్మర్ది మాట విని చెడిపోయాననీ గద్వాలంతా చెప్పుకు తిరుగుతున్నాడు. అందులో రెండో సగం నిజం కాబట్టి నేను కాదనలేకపోతున్నాను. నా గురించి ఆయన నిజం చెప్పడం నాకు అలవాటు లేదు, ఒంటికి సరిపడడం లేదు. కొట్టం గోడకు సున్నం కొట్టించాడు. బొగ్గు గీతలు సున్నం కిందనుంచి ఇంకా కనబడుతున్నాయి. ఇంకో పూత వేయించాడు.

నల్లా దినం తప్పి దినం వస్తుంది, అదీ ఒక గంటసేపు. ఆ గంటలో గంగాళానికీ జాడించే తొట్లకూ నీళ్ళు పట్టి, వాకిట్లోంచి కొట్టంలోకి మోయాలి. నేను గద్వాల పోయేది నల్లా వచ్చే ఆదివారాలకే అని అక్క నిర్ణయించింది. మొదటిసారి పోయినప్పుడు వాకిట్లో నిలబడి ఏదో చెప్పబోయాను. ఆమె బిందె నా చేతిలో పెట్టింది.

"మాట్లాడకు. మొయ్."

మోస్తున్నాను. రెండు చేతుల్లో రెండు బిందెలు, నలభై ఏడేళ్ళ నడుము. అక్క కొట్టంలో గంగాళం పక్కన కర్ర పట్టుకుని నిలబడి ఉంటుంది, నేను పోసే ప్రతి బిందెలోనూ వేలు ముంచి చూస్తుంది. మడత మంచం మీద బావ చాయ్ తాగుతూ కూర్చుంటాడు. ఒక్క బిందె ముట్టడు, కాలు కూడా కిందికి పెట్టడు.

"జర పైలం బామ్మర్ది," అంటాడు, నేను దాటుతున్నప్పుడల్లా. "చిరుతపులి ఎదురొస్తదేమో."